పుస్తకంలో లేని కాగు

కిందటి వారం భూతద్దం బల్ల మీద వేలు పెట్టి ఒక ప్రశ్న అడిగింది. యజమాని చేతిలో టీ తొణికి చొక్కా మీద పడింది. వాళ్ళని అక్కడే వదిలేసి మనం ఎవరి ఇళ్ళకి వాళ్ళం వెళ్ళిపోయాం. పాపం, వారం రోజులుగా ఆ గదిలో ఎవరూ బిగబట్టిన ఊపిరి వదల్లేదు. ఇప్పుడు వదులుతారు లెండి.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. ఈ ఫ్యాక్టరీలో తయారయ్యేది నల్లటి షీటు. తారులో పాత టైర్ల పొడి కలిపి, ఇంటి గదంత ఉండే కాగులో కాచి, పల్చగా పరిచి చుట్టలు చుడతారు. డాబా మీద అంటిస్తే వాన నీరు కిందికి దిగదు. అసలు ఒక డాబా మీద నిలిచిన నీళ్ళు మూడేళ్ళు దారి వెతికి వెతికి, విసుగెత్తి, వచ్చిన దారినే మబ్బుల్లోకి వెళ్ళిపోయాయని ఇక్కడి పనివాళ్ళు చెబుతారు. నేను చూడలేదు, నమ్మాను.

కొత్తగా కడుతున్న పెద్ద ఆస్పత్రి కప్పంతా ఈ షీటే వేయిస్తామన్నారు. కాని ఒక మెలిక పెట్టారు. ఒక చదరపు మీటరు షీటు తయారవడానికి ఎంత నూనె మండింది, ఎంత పొగ పైకి పోయింది, ఎంత చెత్త మిగిలింది, అన్నీ ఒక పత్రంలో రాయాలి. బయటి మనిషి దాన్ని సరిచూసి సంతకం పెట్టాలి. దాన్ని పర్యావరణ ప్రకటన అంటారు.

ఆ బయటి మనిషే భూతద్దం. పేరు పనివాళ్ళు పెట్టింది. ఆవిడ చూపు పడితే బల్ల మీది దుమ్ము కూడా లేచి నిలబడి తన బరువెంతో చెబుతుందట.

పత్రంలో అంకెలు వేసింది ల్యాబ్‌లో పనిచేసే కోడలు. ఎవరి కోడలంటే, కాగు మేస్త్రీ కోడలు. మామగారు ఏడాది పాటు తన చేత్తో రాసిన కాగుల పుస్తకాన్ని ముందు పెట్టుకుని వేసింది. పుస్తకం ప్రకారం రోజుకి రెండు కాగులు కాచారు, ఏడాదికి ఆరు వందలు. మండిన నూనె మాత్రం తొమ్మిది వందల కాగులకి సరిపోయేంత ఉంది.

"మిగతా మూడు వందల కాగుల నూనె ఎవరు తాగారు?"

ఇదే ఆ ప్రశ్న. రేపు సాయంత్రం నాలుగింటికల్లా జవాబు కావాలని చెప్పి భూతద్దం సంచి సర్దుకుంది. ఆవిడ గుమ్మం దాటగానే యజమాని కోడలి వైపు తిరిగాడు.

"చూడమ్మా, నూనె పంపు దగ్గరుండేది మీ మామగారొక్కడే. నాలుగింటికి నాకు జవాబు దొరకలేదనుకో, దొంగ అని నోటీసు బోర్డు మీద రాయించి గేటు దాటిస్తాను. ముప్ఫై ఒక్కేళ్ళ నుంచి ఉన్నాడని చూడను."

ఇక ఇవాళ్టి సంగతి.

మేస్త్రీ రోజూ అయిదున్నరకే ఇంట్లోంచి బయల్దేరతాడు. పని మొదలయ్యేది ఎనిమిదింటికి. పెద్దవాడు, నాలుగు అడుగులు నడిచి వెళ్తాడులే అని ఇంట్లో అందరూ అనుకున్నారు. అలా అనుకుంటూ ఏడేళ్ళు కాపురం చేసింది కోడలు. ఇవాళ ఆయన వంగి చెప్పులు తొడుక్కుంటుంటే, మొదటిసారి, ఈయన అంత చప్పుడు కాకుండా ఎందుకు తొడుక్కుంటున్నాడు అనిపించింది. అనుమానం ఒకసారి ఇంట్లో కాలు పెట్టిందంటే అంతే. గోడ మీది గడియారం కూడా ఏదో దాస్తున్నట్టే కొట్టుకుంటుంది.

ఆయన వీధి మలుపు తిరిగాక ఈమె కూడా సంచి తగిలించుకుంది.

"ఏంటి, ఇంత పొద్దున్నే?" మొగుడు అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటున్నాడు. అదే ఫ్యాక్టరీలో యార్డు అతనిది. లారీలకి సరుకు ఎక్కించి పంపడం అతని పని.

"ల్యాబ్‌లో పనుంది."

"నాన్న వెనకాల వెళ్తున్నావు."

ఆమె చెప్పులు తొడుక్కుంది.

"నాన్న నూనె దొంగ అంటే నీకే నవ్వు రావట్లేదా? తలకి రాసుకునే నూనె అయిపోతే నిన్ను అడగడానికి మొహమాటపడి వారం రోజులు ఎండుతల వేసుకు తిరిగే మనిషి." అతను నవ్వాడు. నవ్వు సగంలో తెగింది. "ఆవిడకి ఏదో ఒక అంకె సర్ది పంపించెయ్. మరీ లోతుకి పోకు."

"ఎందుకని?"

"ఎందుకనేంటి? ఉద్యోగాలు చేసుకునేవాళ్ళం." బ్లేడు మళ్ళీ చెంప మీదికి వెళ్ళింది.

ఆమె ఫ్యాక్టరీ వీధిలోకి మలుపు తిరిగేసరికి ఆరు దాటింది. ఎండ ఇంకా రేకుల అంచుకే ఉంది. పొగగొట్టం నుంచి మాత్రం నల్లటి పొగ పైకి లేస్తోంది. పుస్తకంలో ఏ పేజీ తీసినా మొదటి కాగు ఎనిమిదింటికే. ఆమె గబగబా గేటు వైపు నడిచింది.

మేస్త్రీ గురించి ఒక్క మాట చెప్పకుండా లోపలికి తీసుకెళ్తే అన్యాయం. ఆయన ముక్కు మామూలు ముక్కు కాదు. వీధి చివర టీ బంకు దగ్గర నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, ఇవాళ కాగు ఇంకో పది డిగ్రీలు ఎక్కాలిరా అనేవాడు. ఎవరైనా పరిగెత్తి వెళ్ళి మీటరు చూస్తే సరిగ్గా పదే తక్కువుండేది. ఒకసారి ఆయనకి జలుబు చేసింది. ఫ్యాక్టరీ రెండు రోజులు సెలవు ప్రకటించింది. మూడో రోజు ఒక తుమ్ము తుమ్మాడు, కాగు దానంతటదే వెలిగిందని అంటారు. ఈ రెండోది నేను కూడా పూర్తిగా నమ్మను.

ఆ మేస్త్రీ ఇప్పుడు కాగు పక్కన ఇనుప మెట్ల మీద ఒంటరిగా నిలబడి, తన ఎత్తుకి రెండింతలున్న గరిటెతో కలుపుతున్నాడు. కింద బర్నరు హోరెత్తుతోంది.

"మామయ్యగారూ!"

గరిటె ఆగింది. "ఏంటమ్మాయ్, ల్యాబ్‌కి నిప్పంటుకుందా ఏంటి ఇంత పొద్దున్నే?"

"మొదటి కాగు ఎనిమిదింటికని రాస్తారు. ఇప్పుడు టైమెంతో చూశారా?"

"చూశాను. అయితే?"

"అయితే ఇదేంటి?"

"ఇది కాగు కాదు."

"మంట మండుతోంది. తారు ఉడుకుతోంది. మీరు కలుపుతున్నారు. కాగు కాదా?"

"కాదంటున్నానా."

"మరేంటి?"

మేస్త్రీ గరిటెని కాగు అంచుకి ఆనించి రెండు మెట్లు దిగాడు. "దీని నోరు కడుగుతున్నాను."

ఆమెకి అర్థం కాలేదు. ఆయనకి ఆమెకి అర్థం కాకపోవడం అర్థం కాలేదు. ముప్ఫై ఏళ్ళుగా చేసే పనిని ఎవరికీ చెప్పాల్సిన అవసరం రానివాడికి మాటలు వెతుక్కోవడం కష్టం.

"చూడు. సాయంత్రం మంట ఆపేస్తామా, పైపుల్లో మిగిలిన తారు తెల్లారేసరికి రాయిలా బిగుసుకుంటుంది. దాని మీదే మంచి సరుకు తోలితే షీటులో పలుకులొస్తాయి. పలుకున్న చోట కప్పు కారుతుంది. అందుకని ముందు పనికిరానిది కాచి పైపుల గుండా తోలి పారేస్తాను. అప్పుడు నోరు శుభ్రమవుతుంది. ఎనిమిదింటికి అసలు సరుకు."

"రోజూనా?"

"నువ్వు పళ్ళు రోజూ తోముకోవా?"

"పుస్తకంలో ఎందుకు రాయలేదు మరి?"

"పుక్కిలించి ఉమ్మిన నీళ్ళని భోజనంలో కలిపి రాస్తారటమ్మా ఎవరైనా? పుస్తకంలో రాసేది సరుకు. ఇది సరుకు కాదు."

కోడలు ఇనుప మెట్టు మీద కూలబడింది. ఏడాదికి మూడు వందల పని రోజులు. రోజుకొక నోరు కడగడం. మూడు వందల కాగుల నూనె. నవ్వాలో ఏడవాలో తెలియక చేతుల్లో మొహం పెట్టుకుంది.

"యజమాని మిమ్మల్ని దొంగ అంటున్నాడు మామయ్యగారూ. నిన్న సాయంత్రం నుంచి నేను కూడా..."

"నువ్వు కూడానా?" ఆయన కాసేపు ఆమెని చూశాడు. "నిన్న కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. ఏదో ఉందనుకున్నాలే."

అంతే. తిట్టినా బాగుండేది.

కాసేపటికి ఆమె లేచి కాగులోకి తొంగిచూసింది. నల్లటి మడ్డిలో సన్నటి పట్టీలు కరగకుండా తేలుతున్నాయి. "ఇందులో ఏం వేస్తారు? కొత్త తారేనా?"

"ఛ, మంచి తారు పోస్తానా? అంచు ముక్కలు. షీటు పక్కలు సరిచేసేటప్పుడు కోసి పడేస్తారే, అవి."

ఆమె చెయ్యి కాగు అంచు నుంచి వెనక్కి వచ్చింది. వేడికి కాదు.

"పోయినేడు మిమ్మల్ని అడిగాను. అంచు ముక్కలు ఏం చేస్తారని. మళ్ళీ కాగులోకే పోతాయన్నారు."

"పోతున్నాయిగా. నీ కళ్ళ ముందే ఉన్నాయి."

"వాటితో మళ్ళీ షీటే చేస్తున్నారనుకున్నాను నేను. మా దగ్గర చెత్త ఒక్క కిలో కూడా మిగలదని పత్రంలో రాశాను. కింద సంతకం కూడా నాదే."

"నువ్వు అనుకున్నదానికి నన్నేం చెయ్యమంటావు తల్లీ? అడిగిందానికి చెప్పాను. రెండో ప్రశ్న నువ్వడగలేదు."

"ఇప్పుడడుగుతున్నాను. తోలి పారేసింది ఎక్కడికి పోతుంది?"

మేస్త్రీ గడ్డంతో గోడ వైపు చూపించాడు. బొటనవేలు నుంచి మోచేతి దాకా లావున్న పైపు ఒకటి గోడలోకి దూరి కనిపించకుండా పోయింది.

"అవతల గొయ్యుంది. అందులో పడి గడ్డకడుతుంది. తర్వాత దాని సంగతి యార్డు వాళ్ళది."

యార్డు అన్నాక ఆయన మళ్ళీ మెట్లెక్కి గరిటె అందుకున్నాడు. కలపాల్సినదాని కన్నా గట్టిగా కలిపాడు. కోడలి నాలుక చివరికి ఇంకో ప్రశ్న వచ్చింది. అడగలేదు. ఈసారి అడగకపోవడం మర్చిపోయి కాదు.

"ఇదంతా మీరే ఆవిడకి చెప్పాలి."

"చెప్తాను. నాకేం భయం? నూనె తాగినవాడు అనిపించుకోవడమా, పాతకాలపు మనిషి అనిపించుకోవడమా అంటే, రెండోది ఎలాగూ నిజమేగా."

మూడింటికి యజమాని గదిలో నలుగురు కూర్చున్నారు. నిజానికి ముగ్గురు కూర్చున్నారు. మేస్త్రీ ఆ గదిలో ఎప్పుడూ కూర్చోలేదు కాబట్టి కుర్చీ వెనక నిలబడ్డాడు. పొద్దున కోడలికి చెప్పిందంతా మళ్ళీ చెప్పాడు. పళ్ళు తోముకోవడం కూడా వదల్లేదు.

భూతద్దం రాసుకోవడం ఆపి తలెత్తింది. "నోరు కడగడానికి కాగు నిండా పోస్తారా?"

"లేదమ్మా. పావు వంతు. నాలుగు వందల కిలోలుంటుంది."

"పావు వంతు సరుక్కి నిండు కాగంత నూనె ఎలా పడుతుంది?"

"రాత్రంతా చల్లారిన ఇనుము కదమ్మా. సరుకు కన్నా ముందు ఆ ఇనుముకి పోయాలి నూనె. ఎనిమిదింటికి కాగు వేడిగా ఉంటుంది, అప్పుడు తక్కువ చాలు. కావాలంటే రేపు పొద్దున రండి, మీటరు ముందు కుర్చీ వేయిస్తాను."

ఆవిడ క్యాలిక్యులేటరు నొక్కింది. ఇంకోసారి నొక్కింది. యజమాని గొంతు సవరించుకున్నాడు.

"సరిపోయింది," అంది భూతద్దం.

"అంటే? దొంగతనం లేదా?" యజమాని గొంతులో కొంచెం నిరాశ కూడా ఉంది, కాదనలేం. నోటీసుకి కాగితం అప్పటికే తెప్పించి పెట్టుకున్నాడు.

"దొంగతనం లేదు. అలవాటుంది."

మేస్త్రీ ఒక అంగుళం పెరిగాడు. గదిలో కొలిచేవాళ్ళు లేరు కాని, కోడలు చూసింది. ఆమె గుండెల మీంచి బండ దిగింది.

"అయితే మరి పత్రంలో అంకె పెరుగుతుందేమో," అన్నాడు యజమాని. "పొగ ఎక్కువ, నూనె ఎక్కువ అని రాస్తే ఆస్పత్రి వాళ్ళు మా షీటు తీసుకుంటారా? ఆ నోరు కడగడం ఏదో మనలో మనం..."

"పెరిగితే పెరిగినట్టే రాయండి. ఇది అందాల పోటీ కాదండీ, బుగ్గలకి రంగు పూసి నిలబెట్టడానికి. అంకె పెద్దదని నేను సంతకం ఆపను. అబద్ధమైతే ఆపుతాను." ఆవిడ పేజీ తిప్పింది. తిప్పిన వేలు ఒక గీత దగ్గర ఆగింది. "వ్యర్థం, సున్నా. ఇది రాసింది మీరేనా అమ్మా?"

"నేనే," అంది కోడలు. "తప్పు రాశాను. పొద్దున తెలిసింది."

"రోజుకి నాలుగు వందల కిలోలు గోడ అవతలికి పోతోంది. మూడు వందల రోజులు. నూట ఇరవై టన్నులు." ఆవిడ పెన్ను మూత పెట్టింది. "అది జేబులో పెట్టుకు పోయే వస్తువు కాదు. పదండి, చూపించండి. చూశాక, ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెడతాను. ఇంకా నలభై నిమిషాలుంది."

గోడ చుట్టూ తిరిగి యార్డులోకి వెళ్ళారు. చుట్టలు చుట్టిన షీట్లు వరసలు వరసలుగా నిలబెట్టి ఉన్నాయి. ప్రతి చుట్టకీ పరీక్ష జరిగిందని ఒక చీటీ, చీటీ మీద కోడలి పొట్టి సంతకం. దూరంగా ఒక లారీకి సరుకెక్కిస్తున్నారు. లారీ పక్కన నిలబడ్డ మొగుడు వీళ్ళ గుంపుని చూశాడు. చెయ్యెత్తబోయాడు. భూతద్దాన్ని చూసి, ఎత్తిన చేత్తోనే తల గోక్కుంటూ లారీ అవతలికి వెళ్ళాడు.

గొయ్యి చుట్టూ ఇనుప కంచె, కంచెకి గేటు, గేటుకి తాళం. నలుగురూ కమ్మీలు పట్టుకుని లోపలికి చూశారు.

గొయ్యి ఖాళీగా ఉంది.

ఖాళీ అంటే మామూలు ఖాళీ కాదు. పెళ్ళివారు రాబోయే ఇల్లులా ఊడ్చి ఉంది. అడుగున గడ్డపారతో గీకిన తెల్లటి గీతలు. పొద్దున తోలిన తారులో మిగిలింది పైపు చివర ఒక్క ముద్దే, అప్పుడే ఆరుతోంది. గొయ్యి అంచు నుంచి వెనక దారి దాకా లోతైన చక్రాల గుర్తులు. ఒక చోట కూరుకుపోతే పైకి లాగినట్టు చెక్క ముక్కలు కూడా వేసి ఉన్నాయి.

మేస్త్రీ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా గోడకి ఇవతల గరిటె తిప్పిన మనిషి, అవతల ఏముందో చూడ్డం ఇదే మొదటిసారి.

"ఎవరు తీసుకెళ్తున్నారు?" భూతద్దం అడిగింది.

"నాకేం తెలుసు? చెత్త సంగతి యజమాని చూస్తాడా?" అన్నాడు యజమాని. మరీ తొందరగా అన్నాడు.

"నేనెందుకు అడుగుతున్నానో చెప్తాను. మీ మేస్త్రీగారు పనికిరానిదని తేల్చిన సరుకిది. ఇప్పటికి రెండుసార్లు కాగింది. ఎవరో తీసుకెళ్ళి మూడోసారి కరిగించి, షీటులా పరిచి, మీ చీటీ అంటించి అమ్మితే? మొదటి ఎండకే పగుళ్ళిస్తుంది. మొదటి వానకి ఏ ఆస్పత్రి మంచం మీదో కారుతుంది. అప్పుడు చీటీ మీద ఎవరి సంతకం ఉందో చూస్తారు."

కోడలు వెనక్కి తిరిగి చుట్టల మీది చీటీల వైపు చూసింది. చీటీల కట్టల మీద ముందే సంతకం పెట్టి ల్యాబ్‌లో ఉంచుతుంది. ఎన్ని పోయాయో ఎప్పుడూ చూసుకోలేదు. యార్డు వాళ్ళు వచ్చి కావలసినన్ని పట్టుకెళ్తారు.

"ఈ తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?" అంది భూతద్దం.

లారీ మీద చుట్టలు పడుతున్న చప్పుడు ఆగింది.

కోడలికి తెలుసు. చొక్కాలు ఉతకడానికి నానబెట్టే ముందు మొగుడి జేబులోంచి ఇత్తడి చెవి ఒకటి తీసి కిటికీలో పెట్టేది తనే. దేనిదండీ ఇది అని ఒకసారి అడిగితే, పాత సైకిలుది అన్నాడు. వాళ్ళింట్లో సైకిలు లేదు. అప్పుడు నవ్వి ఊరుకుంది.

చెబుదామని నోరు తెరిచింది.

"నా దగ్గరే," అన్నాడు మేస్త్రీ.

యజమాని గిరుక్కున తిరిగాడు. "నీ దగ్గరా? యార్డు గొయ్యి తాళం కాగు మేస్త్రీ దగ్గరెందుకుంటుందయ్యా?"

"ఉంటుంది. ఇంట్లో మరిచిపోయి వచ్చాను. గొయ్యి ఖాళీ చేయించేది నేనే." ఆయన కమ్మీలు వదల్లేదు. గొంతు మాత్రం కాగు మెట్ల మీంచి పనివాళ్ళకి చెప్పినంత స్థిరంగా ఉంది. "ఎవరికి పంపానో నిదానంగా చెప్తాను. రాసుకోండమ్మా. మేస్త్రీ అని రాసుకోండి."

పొద్దున నుంచి ఆయన నోటి నుంచి వచ్చిన మాటల్లో నిజం కానివి ఇవే. అంకె సరిపోయిందన్నప్పుడు పెరిగిన ఆ ఒక్క అంగుళం ఎక్కడికి పోయిందో, భుజాలు వంగి కమ్మీలకి ఆనాయి. కోడలి వైపు చూడలేదు.

భూతద్దం ఆయన్ని చూసింది. గొయ్యిని చూసింది. చక్రాల గుర్తులు చూసింది. తర్వాత చాలాసేపు కోడలినే చూసింది. పత్రం వెనక నాలుగు వరసలు రాసి, అట్టతో సహా ఆమె చేతికిచ్చింది.

"మేస్త్రీగారు ఇప్పుడు చెప్పింది ఇందులో ఉంది. అంకెలకి బాధ్యత మీది కాబట్టి కింద మీరు కూడా సంతకం పెట్టాలి, ఇది నిజమని మీకు తెలిసినంతవరకు. నిజం కాకపోతే ఇప్పుడే చెప్పండి. నాలుక్కి పది నిమిషాలుంది."

పెన్ను ఆమె వేళ్ళ మధ్యకి వచ్చింది. పెడితే మామగారు సాయంత్రానికి దొంగ. పెట్టకపోతే దొంగ ఎవరో తన నోటితోనే చెప్పాలి.

యార్డు చివర లారీ ఇంజను ఒక్కసారిగా అంటుకుంది. కోడలు తలెత్తి చూసింది. సరుకు సగమే ఎక్కించారు. వెనక తలుపులు తెరిచే ఉన్నాయి. లారీ కదిలింది, స్టీరింగ్ ముందు కూర్చున్నది డ్రైవరు కాదు.